అన్నం అరుగుతుంది, గోగునార ఎందుకు అరగదు? కొవ్వు కూడా బృహదణువేనా?

ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతూ నీట్‌కు సిద్ధమవుతున్న శ్రీకాకుళం విద్యార్థి ఒకరు అడిగిన ఈ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. బియ్యంలోని పిండిపదార్థమూ, గోగునారలోని సెల్యులోజూ గ్లూకోజుతోనే తయారైనప్పుడు ఒకటి కడుపులో అరిగి రక్తంలో కలుస్తుండగా, రెండోది గోనెసంచికి తప్ప ఎందుకు పనికిరాదన్నది మొదటిది. జీవుల్లోని బృహదణువులు, అంటే చిన్న ముక్కలు గొలుసుగా అతుక్కుని ఏర్పడే చాలా పెద్ద అణువులు, నాలుగు రకాలని ఒక పుస్తకంలోనూ మూడే అని మరో పుస్తకంలోనూ ఉంది కాబట్టి, కొవ్వులను లెక్కలో వేయాలా వద్దా అన్నది రెండోది. విజయనగరంలో జూనియర్ కళాశాల విద్యార్థులకు చాలా కాలంగా వృక్షశాస్త్రం బోధిస్తున్నాను కాబట్టి, తరగతిలో చూసిన సంగతులతో కలిపి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందుగా సూటి సమాధానం. బియ్యపు పిండిలో గ్లూకోజు ముక్కలు ఆల్ఫా అనే తీరులో అతుక్కుని ఉంటాయి, నారలో బీటా అనే తీరులో అతుక్కుని ఉంటాయి. మన ఒంట్లోని ఎంజైములకు మొదటి అతుకును విప్పడం వచ్చు, సెల్యులోజులోని అతుకును విప్పడం రాదు. ఇక కొవ్వు బృహదణువు కాదు. దాని అణువు చిన్నది, గొలుసుగా పెరగలేదు. అయినా జాబితాలో దానికి చోటు దొరకడానికి కారణం ప్రయోగశాలలో మనం కణజాలాన్ని వడపోసే పద్ధతిలో ఉంది. ఈ రెండు సమాధానాల వెనక ఉన్న విషయం ఒక్కటే: బృహదణువు గుణం అది ఏ ముక్కలతో తయారైందన్న దానికంటే, ఆ ముక్కలు ఎలా అతుక్కున్నాయి, ఏ వరుసలో నిలిచాయి అన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. పాఠాన్ని ఈ కోణం నుంచి చదివితే బట్టీ పట్టాల్సిన భాగం సగానికి సగం తగ్గిపోతుంది.

ఒకప్పుడు రసాయన శాస్త్రవేత్తలకే ఈ సంగతి మింగుడుపడలేదు. రబ్బరు, పిండి, సెల్యులోజు వంటివి చిన్న అణువులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఏర్పడిన గుంపులు మాత్రమేనని చాలామంది నమ్మేవారు. అవి సమయోజనీయ బంధాలతో (ఎలక్ట్రాన్లను పంచుకునే గట్టి బంధాలతో) అతుక్కున్న నిజమైన పొడవాటి గొలుసులని జర్మనీకి చెందిన హెర్మన్ స్టాడింగర్ 1920లో ప్రతిపాదించి, ఏళ్ల తరబడి ఎదురువాదాలను భరించి, చివరికి 1953లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. గుంపుకూ గొలుసుకూ ఉన్న ఈ తేడాను గుర్తుంచుకోండి, కొవ్వుల దగ్గర మళ్లీ కావలసి వస్తుంది.

గ్లూకోజు అణుభారం 180. రెండు గ్లూకోజులు అతుక్కునేటప్పుడు వాటి మధ్య నుంచి 18 అణుభారం గల ఒక నీటి అణువు తొలగిపోతుంది కాబట్టి, పొడవాటి గొలుసులో ఒక్కో గ్లూకోజు వంతుకు 162 మిగులుతుంది. అరగడమంటే దీనికి ఎదురు పని, అంటే తీసేసిన నీటిని తిరిగి చేర్చి అతుకును విప్పడం. ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక అవసరం. పుస్తకంలో రెండు గ్లూకోజుల బొమ్మలు పక్కపక్కన వేసి మధ్యలో నీటిని చుట్టి చూపిస్తారు గానీ, కణంలో వట్టి గ్లూకోజులు వాటంతట అవే అలా అతుక్కోవు. మొక్క పిండిని తయారు చేసేటప్పుడు ఏడీపీ-గ్లూకోజునూ, సెల్యులోజును నేసేటప్పుడు యూడీపీ-గ్లూకోజునూ వాడుకుంటుంది. అంటే ముక్కను ముందుగా శక్తి ఖర్చు పెట్టి సిద్ధం చేసుకుని, ఆ తర్వాతే గొలుసుకు తగిలిస్తుంది. మొత్తం లెక్కలో నీరు పోయిందన్న మాట నిజమే, జరిగే తీరు మాత్రం బొమ్మలో ఉన్నంత సులువు కాదు.

ఇప్పుడు అతుకు సంగతి. గ్లూకోజు వలయంలో ఒకటో కార్బన్ మీద ఉన్న హైడ్రాక్సిల్ సమూహం వలయానికి కింది వైపున ఉంటే ఆల్ఫా అనీ, పై వైపున ఉంటే బీటా అనీ అంటాం. ఒక గ్లూకోజులోని ఒకటో కార్బన్ పక్క గ్లూకోజులోని నాలుగో కార్బన్‌తో ఆల్ఫా తీరులో అతుక్కుంటే ఆ గొలుసు ప్రతి అతుకు దగ్గరా కొంచెం వంగుతూ పోయి, దాదాపు ఆరు గ్లూకోజులకు ఒక చుట్టు తిరిగే మెలికగా మారుతుంది. బియ్యపు పిండిలోని అమైలోజ్ ఇదే. పిండిలో ఎక్కువ వంతు ఉండే అమైలోపెక్టిన్‌కు ఇలాంటి గొలుసు మీదే సుమారు 24 నుంచి 30 గ్లూకోజులకు ఒకచోట, ఒకటో కార్బన్ ఆరో కార్బన్‌తో అతుక్కోవడం వల్ల కొమ్మలు వేస్తాయి. మన కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకునే గ్లైకోజెన్‌లో ఈ కొమ్మలు ఇంకా దగ్గరగా, 8 నుంచి 12 గ్లూకోజులకు ఒకటి చొప్పున ఉంటాయి. కొమ్మలెన్ని ఉంటే చివరలన్ని ఉంటాయి, ఎంజైములు చివరల నుంచి అన్ని చోట్లా ఒకేసారి పని మొదలుపెడతాయి. పరుగెత్తే జంతువుకు గ్లూకోజు తొందరగా కావాలి కాబట్టి ఈ ఏర్పాటు దానికి తగినట్టే ఉంది.

అదే అతుకు బీటా తీరులో పడితే ప్రతి గ్లూకోజూ తన ముందున్న దానికి తలకిందులుగా తిరిగి నిలబడుతుంది. దాంతో వంకరలు ఒకదానికొకటి చెల్లిపోయి గొలుసు తిన్నగా సాగుతుంది. వేల గ్లూకోజుల పొడవున్న అలాంటి తిన్నని గొలుసులు పక్కపక్కనే చేరి, హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని, నీటికి కూడా సందు ఇవ్వని సన్నని పోగులుగా తయారవుతాయి. పొందూరు ఖద్దరుకు వాడే పత్తిలో దాదాపు అంతా ఈ సెల్యులోజే. గోగునారలో దీనితో పాటు హెమీసెల్యులోజూ, లిగ్నిన్ అనే గట్టి పదార్థమూ ఉంటాయి, అందుకే ఆ నార గరుగ్గా ఉంటుంది. గోగు విషయంలో మన ప్రాంతం వారికి ఎదురుగానే ఒక ఉదాహరణ ఉంది. అదే మొక్క లేత ఆకును గోంగూరగా తింటాం, కాండం నుంచి నార తీసి మిల్లుకు పంపుతాం. ఆకులోనూ సెల్యులోజ్ ఉంది గానీ అది పీచుగా లోపలికి వెళ్లి, చాలావరకు పీచుగానే బయటికి వస్తుంది.

మన లాలాజలంలోనూ క్లోమరసంలోనూ ఉండే అమైలేజ్ అనే ఎంజైముకు ఆల్ఫా 1-4 అతుకే పడుతుంది. కొమ్మ మొదలయ్యే 1-6 అతుకు కూడా దానికి లొంగదు, ఆ పని చిన్నపేగు గోడలోని మరో ఎంజైము చేస్తుంది. ఎంజైములో అతుకును పట్టుకునే గుంటకు ఒక ఆకారం ఉంటుంది, ఆ ఆకారంలో ఇమిడినదే తెగుతుంది. అయితే "మనిషికి బీటా అతుకును తెంచడం చేతకాదు" అని పరీక్షలో రాయకండి, అది తప్పు. పాలలోని లాక్టోజులో గెలాక్టోజు, గ్లూకోజు కలిసి ఉన్నది బీటా 1-4 అతుకుతోనే. దాన్ని లాక్టేజ్ అనే ఎంజైముతో మన పేగు తెంచుకుంటుంది, పెద్దయ్యాక ఆ ఎంజైము తగ్గిపోయిన వారికి పాలు పడవు. కాబట్టి "సెల్యులేజ్ అనే ఎంజైము మనిషి తయారు చేసుకోలేడు" అని రాయడమే సరైన మాట. ఆవు కూడా సొంతంగా తయారు చేసుకోలేదు. దాని పొట్టలో మొదటి అర అయిన రూమెన్‌లో కాపురముండే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి కాబట్టే మనం వదిలేసిన ఎండుగడ్డి దానికి మేత అవుతోంది.

నార తీసే పద్ధతిని చూసిన వారికి ఇంకో సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. గోగు కట్టలను చెరువులో ఊరవేసినప్పుడు సూక్ష్మజీవులు ముందుగా పోగుల కట్టలను పట్టి ఉంచే పెక్టిన్‌ను తినేస్తాయి. పెక్టిన్ కూడా పిండి, సెల్యులోజుల్లాగే ఒక పాలిసాకరైడే (చక్కెర ముక్కల పొడవాటి గొలుసే), కాకపోతే గెలాక్ట్యూరోనిక్ ఆమ్లం ముక్కలతో తయారైనది. పెక్టిన్ పోగానే బెరడు నుంచి నార ఊడివస్తుంది. కట్టలను సరైన సమయానికి పైకి తీయకుండా మరీ ఊరనిస్తే, సెల్యులోజును తినగల సూక్ష్మజీవులు కూడా పని మొదలుపెట్టి నార బలం తగ్గిపోతుంది. రైతు చేతితో లాగి చూసి "ఊరింది" అని తేల్చేది, రెండు పాలిసాకరైడ్లలో ఒకటి కరిగి రెండోది ఇంకా కరగని ఆ మధ్య సమయాన్నే.

ఇంట్లో చేసి చూడదగిన ప్రయోగం ఒకటి చెబుతాను. మందుల షాపులో దొరికే పోవిడోన్ అయోడిన్ ద్రావణాన్ని నీటితో బాగా పలుచన చేసి, చల్లారిన గంజిలో రెండు చుక్కలు వేస్తే ముదురు నీలం వస్తుంది, ఎందుకంటే అయోడిన్ అమైలోజ్ మెలిక లోపలి ఖాళీలో చేరి కూర్చుంటుంది. గోగునార పోగు మీద అదే చుక్క వేస్తే అయోడిన్ సొంత పసుపు గోధుమ రంగు తప్ప నీలం రాదు, ఎందుకంటే తిన్నని గొలుసులో కూర్చోవడానికి మెలికే లేదు. ఒకసారి మా ప్రయోగశాలలో ఒక అమ్మాయి కొత్త ఖద్దరు గుడ్డ ముక్క మీద చుక్క వేసి, అది నీలంగా మారడం చూసి, సెల్యులోజ్ కూడా నీలం ఇస్తుందని రికార్డులో రాసింది. ఆ గుడ్డకు గంజి పెట్టి ఉంది. సబ్బుతో రెండు మూడు సార్లు ఉడికించి ఉతికి, ఆరబెట్టి మళ్లీ వేయిస్తే నీలం రాలేదు. కాగితం మీద చేసే వారికీ ఇదే ఇబ్బంది ఎదురవుతుంది, ఎందుకంటే చాలా కాగితాలకు తయారీలోనే పిండి పూస్తారు. పరీక్ష చేసిన గంజినీ అన్నాన్నీ పారబోయాలి, తినకూడదని వేరే చెప్పనక్కర లేదనుకుంటాను.

ఈ ప్రయోగాన్నే ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లవచ్చు. గోరువెచ్చని పలుచటి గంజిలో కొంచెం లాలాజలం కలిపి పావుగంట ఆగి అయోడిన్ వేస్తే నీలం రాదు లేదా బాగా తగ్గుతుంది, ఎందుకంటే ఈలోగా అమైలేజ్ గొలుసులను ముక్కలు చేసేసింది. ఏటా ఒకటి రెండు జట్లకు మాత్రం నీలం అలాగే నిలిచి ఉంటుంది. అడిగితే గంజి పొయ్యి మీంచి దించిన వెంటనే లాలాజలం కలిపామంటారు. అంత వేడికి ఎంజైము చెడిపోయింది. ఎంజైము ప్రోటీన్ కాబట్టి అది ఎందుకు చెడిపోయిందో తెలియాలంటే ప్రోటీన్ల దగ్గరికి వెళ్లాలి. వెళ్లే ముందు చద్దన్నం మాట కూడా అనేస్తాను. అన్నం ఉడికినప్పుడు నీరు పీల్చుకుని విచ్చుకున్న గొలుసులు, చల్లారి రాత్రంతా నిలవ ఉన్నప్పుడు మళ్లీ దగ్గరగా చేరి బిగుసుకుంటాయి, మెతుకు గట్టిపడేది అందుకే. అలా బిగిసిన పిండిలో కొంత భాగం చిన్నపేగులో అరగకుండా పెద్దపేగుకు చేరి అక్కడి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. అతుకు ఆల్ఫాయే అయినా గొలుసులు సర్దుకున్న తీరు మారితే అరిగే తీరు కూడా మారుతుందన్నమాట.

చక్కెర, బెల్లం విషయంలో పొరపడకండి. చెరకు రసంలోని సుక్రోజ్ రెండే ముక్కల అణువు, దాని అణుభారం 342, అది బృహదణువు కాదు. అదే గడ నుంచి మిగిలే పిప్పిలో ఉన్న సెల్యులోజ్ మాత్రం బృహదణువు. కార్బోహైడ్రేట్లన్నీ బృహదణువులు కావు, వాటిలో పాలిసాకరైడ్లు మాత్రమే అవుతాయి. మన తీరంలో దొరికే రొయ్యల, పీతల పెంకుల్లోని కైటిన్ కూడా బీటా 1-4 అతుకున్న పాలిసాకరైడే. దాని ముక్కలో నైట్రోజన్ ఉన్న ఒక సమూహం అదనంగా చేరి ఉంటుంది.

పాలిసాకరైడ్లలో అతుకు ముఖ్యం, ప్రోటీన్లలో వరుస ముఖ్యం. ప్రోటీన్లలో అతుకు ఎప్పుడూ ఒకటే, పెప్టైడ్ బంధం. మారేది 20 రకాల అమైనో ఆమ్లాలు నిలిచే వరుస. ప, ల, క అనే మూడు అక్షరాలతోనే పలకా రాయవచ్చు, కలపా రాయవచ్చు. అమైనో ఆమ్లాల సంగతీ అంతే. పిండిలో ఎక్కడ చూసినా గ్లూకోజే కాబట్టి వరుసలో చదవడానికి ఏమీ ఉండదు. 100 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీనుకు వీలైన వరుసలెన్నో లెక్క కడితే 1 పక్కన 130 సున్నాలు పెట్టినంత సంఖ్య వస్తుంది, జీవులు వాడుకుంటున్నది అందులో లవలేశం మాత్రమే. ఒక ప్రోటీనుకు ఒక కచ్చితమైన వరుస ఉంటుందని మొదట నిరూపించినది ఫ్రెడరిక్ శాంగర్. ఆయన ఇన్సులిన్‌లోని 51 అమైనో ఆమ్లాల వరుసను, ఒక గొలుసులో 21, మరో గొలుసులో 30 చొప్పున తేల్చి చెప్పి, 1958లో నోబెల్ పొందారు.

ఆ వరుసను బట్టే గొలుసు తనలో తాను మడత పడి ఒక ఆకారానికి వస్తుంది. ఆ మడతలను నిలబెట్టేవి హైడ్రోజన్ బంధాల వంటి బలహీనమైన పట్టులు. వేడి గంజిలో అమైలేజ్‌కు జరిగినది ఇదే: పట్టులు సడలి మడతలు విడిపోయాయి గానీ, గొలుసు మాత్రం తెగలేదు. కోడిగుడ్డు ఉడికితే తెల్లగా గట్టిపడటమూ ఇదే. పాలు తోడుకోవడంలో వేడికి బదులు ఆమ్లం పని చేస్తుంది. బ్యాక్టీరియా తయారు చేసిన లాక్టిక్ ఆమ్లం వల్ల పాలలోని ప్రోటీన్ అయిన కేసీన్ రేణువుల మీది విద్యుదావేశాలు తగ్గి, అవి ఒకదానితో ఒకటి కలిసి పెరుగుగా పేరుకుంటాయి. ఉడకడాన్నీ అరగడాన్నీ ఒకటే అనుకునే విద్యార్థులు చాలామంది ఉన్నారు. ఉడికితే పోయేది మడత. గొలుసును తెంచడానికి కడుపులోని పెప్సిన్, పేగులోని ట్రిప్సిన్ వంటి ఎంజైములు కావాలి, మడత విడిపోయిన గొలుసు వాటికి తేలిగ్గా అందుతుంది కాబట్టే ఉడికిన గుడ్డు పచ్చి గుడ్డుకంటే బాగా అరుగుతుంది.

వరుసలో ఒక్క ముక్క మారితే ఏమవుతుందో తెలియడానికి సికిల్ సెల్ రక్తహీనతను మించిన ఉదాహరణ లేదు. మన పార్వతీపురం, సీతంపేట వైపు గిరిజన గ్రామాల నుంచి వచ్చే విద్యార్థులకు ఆ మాట పుస్తకంలో చదవక ముందే తెలిసి ఉంటుంది. హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులు 141 చొప్పున, రెండు బీటా గొలుసులు 146 చొప్పున మొత్తం 574 అమైనో ఆమ్లాలు ఉంటాయి. బీటా గొలుసులో ఆరో స్థానంలో ఉండాల్సిన గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలైన్ చేరుతుంది, జరిగే మార్పు అంతే. గ్లుటామిక్ ఆమ్లానికి ఆవేశం ఉంది, నీరంటే ఇష్టం. వాలైన్‌కు నీరు గిట్టదు. ఆక్సిజన్‌ను వదిలేసిన హిమోగ్లోబిన్లు ఆ వాలైన్ దగ్గర ఒకదాన్నొకటి పట్టుకుని పొడవాటి కడ్డీలుగా పేరుకుంటాయి, వాటి ఒత్తిడికి ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. ఈ ఆల్ఫా, బీటా పేర్లకూ పైన చెప్పిన గ్లూకోజు అతుకుల పేర్లకూ సంబంధం లేదు, కలపకండి. ఈ మార్పుకు మూలం డీఎన్ఏలో ఒక్క అక్షరం (క్షారం) తేడా, జీఏజీ ఉండాల్సిన చోట జీటీజీ ఉండటం. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఈ మార్పు వస్తేనే పూర్తి జబ్బు కనిపిస్తుంది, ఒకరి నుంచే వచ్చిన వారు వాహకులుగా మిగులుతారు. దీన్ని ముందుగా గుర్తించేందుకు గిరిజన ప్రాంతాల్లో పెద్ద ఎత్తున రక్తపరీక్షలు చేసే జాతీయ కార్యక్రమాన్ని కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో మొదలుపెట్టింది. మీ ఊళ్లో శిబిరం పెడితే పరీక్ష చేయించుకోండి.

పప్పన్నం గురించి కూడా అడుగుతుంటారు. బియ్యపు ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, కందిపప్పులోనూ ఉలవల్లోనూ అది సరిపడా ఉంటుంది గానీ మెథియోనిన్ తక్కువ. రెండూ కలిపి తింటే ఒకదాని కొరతను మరొకటి తీరుస్తుంది.

కేంద్రకామ్లాల గురించి పుస్తకంలో తగినంత ఉంది కాబట్టి తొందరగా దాటుతాను. ముక్క న్యూక్లియోటైడ్, అతుకు ఫాస్ఫోడైఎస్టర్ బంధం, వరుసలో నాలుగు క్షారాలు. డీఎన్ఏలో ఎదురెదురు గొలుసుల మధ్య ఏ (అడెనిన్) ఎదుట టీ (థైమిన్), జీ (గ్వానిన్) ఎదుట సీ (సైటోసిన్) నిలవడం వల్ల ఒక గొలుసును చూసి రెండోది రాసుకోవచ్చు. పిండికీ సెల్యులోజుకూ ఈ సౌకర్యం లేదు, ప్రోటీనుకూ లేదు. మన కణం ఒక్కదానిలోని డీఎన్ఏ అంతటినీ చాచి కొలిస్తే సుమారు 2 మీటర్లు ఉంటుంది. గొలుసులో చేరే ముక్కలు వేరే పనులు కూడా చేస్తాయనడానికి ఏటీపీ మంచి ఉదాహరణ. ఆర్ఎన్ఏ తయారీలో ముడిసరుకయిన ఆ న్యూక్లియోటైడే కణమంతటా శక్తిని అందించే పదార్థం కూడా. దాన్ని 1929లో కండరాల్లో గుర్తించిన వారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు.

అరటిపండును ఉప్పు, సబ్బు నీళ్లలో నలిపి, వడగట్టి, పైన చల్లని స్పిరిట్ పోస్తే తెల్లటి పోగులు తేలే ప్రయోగం వీడియోల్లో చాలామంది చూసి ఉంటారు. సబ్బు కణపు పొరల్లోని కొవ్వును చెదరగొడుతుంది, ఉప్పు డీఎన్ఏ మీది రుణావేశాన్ని కప్పుతుంది, స్పిరిట్‌లో డీఎన్ఏ కరగదు. చేసి చూడండి, బాగుంటుంది. కాకపోతే ఆ తెల్లటి ముద్ద అంతా డీఎన్ఏ అనుకోకండి. స్పిరిట్‌లో పెక్టిన్ కూడా కరగదు, పండులో పెక్టిన్‌కు కొదవ లేదు, దాంతో కొంత ప్రోటీనూ చేరి వస్తుంది. గోగు బెరడును కాండానికి అంటిపెట్టిన ఆ పెక్టినే ఇక్కడ మళ్లీ ఎదురవుతోంది. మా పిల్లలు గర్వంగా చూపించే పోగుల్లో డీఎన్ఏ ఎంత వంతో పరీక్షించకుండా చెప్పలేం.

ఇక కొవ్వుల సంగతి. నూనెలోని ట్రైగ్లిజరైడ్‌లో ఒక గ్లిజరాల్, మూడు ఫాటీ ఆమ్లాలు ఉంటాయి. వీటి కలయికలోనూ మూడు నీటి అణువులు తొలగిపోతాయి, అందుకే "నీరు పోయి అతుకు పడింది కాబట్టి ఇదీ పాలిమరే" అని వాదించేవారు ఉంటారు (ముక్కలు వరుసగా అతుక్కుని ఏర్పడిన గొలుసే పాలిమర్). ఆ వాదన నిలవదు. గొలుసు సాగాలంటే ప్రతి ముక్కకూ కనీసం రెండు చోట్ల అతుక్కునే వీలు ఉండాలి. గ్లూకోజుకూ, అమైనో ఆమ్లానికీ, న్యూక్లియోటైడుకూ ఆ వీలు ఉంది. ఫాటీ ఆమ్లానికి అతుక్కోగల కార్బాక్సిల్ సమూహం ఒక్కటే, గ్లిజరాల్‌లోని మూడు చోట్లూ నిండిపోయాక అతుకు వేయడానికి ఇంకెక్కడా చోటు మిగలదు. గొలుసు మొదలైన చోటే ఆగిపోయింది. ఒలియిక్ ఆమ్లాలు మూడున్న ట్రైగ్లిజరైడ్ అణుభారం 885 మాత్రమే, 51 అమైనో ఆమ్లాల ఇన్సులిన్‌ది సుమారు 5,800. నూనె బొట్టు ఎంత పెద్దదైనా అది స్టాడింగర్‌తో వాదించిన వారు ఊహించుకున్న గుంపు లాంటిదే, గొలుసు కాదు.

మరి నాలుగో బృహదణువుగా దాన్ని ఎందుకు చెబుతున్నారు? కణజాలాన్ని ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంలో నూరి, గుడ్డలో వడగడితే రెండు భాగాలు వస్తాయి. వడిసిన ద్రవంలో చక్కెరలు, అమైనో ఆమ్లాల వంటి చిన్న అణువులు ఉంటాయి. గుడ్డ మీద మిగిలిన దానిలో ప్రోటీన్లు, కేంద్రకామ్లాలు, పాలిసాకరైడ్లు ఉంటాయి, వాటితో పాటే లిపిడ్లూ (కొవ్వులూ, కొవ్వు లాంటి పదార్థాలూ) ఉంటాయి. కణపు పొరల్లో ఫాస్ఫోలిపిడ్లు ఒక్కొక్కటిగా కాకుండా రెండు వరుసల రేకులుగా పరుచుకుని ఉంటాయి. నూరినప్పుడు ఆ రేకులు చిరిగి, నీటిలో కరగని చిన్న చిన్న బుడగలుగా మూసుకుని, గుడ్డ మీద ఆగిపోతాయి. అంటే లిపిడ్ అణువు చిన్నదే అయినా పొరగా ఉండటం వల్ల పెద్దవాటితో కలిసి దొరికింది. వడపోతలో కలిసి దొరికినంత మాత్రాన అణువు పెద్దదైపోదు.

కొవ్వులో అతుకుల వరుసకు బదులు ఫాటీ ఆమ్లాల ఆకారం ముఖ్యం. ఉద్దానంలో చలికాలం ఉదయాన కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి ఉంటుంది, పక్కనే ఉన్న నువ్వులనూనె ధారగా కారుతుంది. కొబ్బరినూనెలో ఎక్కువ భాగం ద్విబంధాలు లేని తిన్నని ఫాటీ ఆమ్లాలు, అవి దగ్గరగా సర్దుకుని సుమారు 24 డిగ్రీల సెల్సియస్ లోపే గట్టిపడతాయి. నువ్వులనూనెలో ఎక్కువ భాగం ద్విబంధాల దగ్గర వంగిన ఫాటీ ఆమ్లాలు, అవి అంత దగ్గరగా చేరలేవు. పలాస జీడిపప్పులో బరువులో సగానికి దగ్గరగా కొవ్వే, ఐదో వంతు దాకా ప్రోటీన్. దాన్ని నలిపి కాగితం మీద రుద్దితే వెలుగు పారే మచ్చ పడుతుంది, ఆ మచ్చ ఆరదు.

జాబితా నాలుగుతోనో మూడుతోనో ముగిసిపోతుందని కూడా అనుకోకండి. గోగునారకు గరుకుతనం ఇచ్చే లిగ్నిన్ పెద్ద పాలిమరే, రబ్బరు చెట్టు పాలలోని రబ్బరూ పాలిమరే. ఇవి రెండూ ఆ నాలుగింటిలో ఏ గదిలోనూ ఇమడవు.

చివరి మాటగా పరీక్షలో ఏం రాయాలో చెబుతాను. "ఆమ్లంలో కరగని భాగంలో దొరికేవి ఏవి?" అంటే ప్రోటీన్లు, కేంద్రకామ్లాలు, పాలిసాకరైడ్లు, లిపిడ్లు అని నాలుగూ రాయండి. "వీటిలో నిజానికి బృహదణువు కానిది ఏది?" అంటే లిపిడ్ అని రాసి, అణుభారం 1,000 డాల్టన్ల (డాల్టన్ అణుభారానికి కొలమానం) లోపే ఉంటుందని, పాలిమర్ కాదని ఒక వాక్యం చేర్చండి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోనూ లిపిడ్లను కచ్చితమైన అర్థంలో బృహదణువులుగా లెక్కించలేదు, అందువల్ల నీట్‌లో ఆ జవాబుకు మార్కు పోదు. మామూలుగా "బృహదణువుల రకాలు రాయండి" అని మాత్రమే ఇచ్చి, ఇచ్చిన నాలుగు ఐచ్ఛికాల్లో మూడు రకాల జాబితా లేకపోతే, నాలుగున్న దాన్నే ఎంచుకోండి.